కొత్త ఇంటికి అయిదేళ్ళ పూచీ: చట్టం ఉంది, కాగితం మన దగ్గర ఉండాలి

(షోలాపూర్ తూర్పు భాగంలో జరిగిన కార్మిక కుటుంబాల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం నేసే చాదరులో ఒక పోగు తప్పినా, టవల్ అంచు వంకర పోయినా కార్ఖానాదారు ఊరుకోడు. డామేజీ అని రాసి మన కూలిలో కోస్తాడు. పని చెడితే చేసినవాడే బాధ్యుడు అనే సూత్రాన్ని మన మీద ప్రతి వారం అమలు చేస్తూనే ఉన్నారు. మరి మన పి.ఎఫ్. డబ్బు, ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బు, వాటి మీద బ్యాంకు అప్పు కలిపి కొన్న కొత్త ఇంటి స్లాబు మొదటి వానకే కారితే, ఆ డామేజీ ఎవరి లెక్కలో కోయాలి? ఈ ప్రశ్న మీద నాలుగు మాటలు చెప్పడానికే ఈ రోజు మేము మీ ముందు నిలబడ్డాం.

మన తాతలు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెదుక్కుంటూ వచ్చి ఈ ఊళ్ళో, భివండీలో, ముంబైలో స్థిరపడ్డారు. ఎక్కువ మంది బతుకు ఒక్క గది చాళిలోనే గడిచిపోయింది. ఇప్పుడు కొంత మార్పు వచ్చింది. మన పక్కనే కుంభారిలో అసంఘటిత కార్మికుల కోసం తలపెట్టిన 30,000 ఇళ్ళలో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న అప్పగించారు. ముంబై మిల్లు కార్మికులకు లాటరీలలో ఇళ్ళు వస్తున్నాయి. సొంతంగా ప్రైవేటు బిల్డరు దగ్గర ఫ్లాటు కొనేవాళ్ళూ పెరిగారు. సంతోషమే. కాని ఇల్లు చేతికి వచ్చిన ఏడాదికే మా ఆఫీసుకు వచ్చేవాళ్ళూ పెరిగారు. గోడ బీట వారిందని ఒకరు, బాత్‌రూము నీళ్ళు కింది ఇంట్లోకి దిగుతున్నాయని ఒకరు, స్లాబు పెచ్చులూడి పిల్లవాడి పక్కలో పడిందని ఒకరు. అందరూ చివర ఒకే మాట అడుగుతారు: "ఇల్లు తీసుకున్నాం కదా, ఇక బిల్డరుతో మనకేం పని ఉంటుంది?"

పని ఉంటుంది. తాళం చేతికి వచ్చిన రోజు నుంచి అయిదేళ్ళ పాటు ఉంటుంది.

చట్టం ఏమంటున్నది?

పార్లమెంటు 2016లో స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం చేసింది. అందరూ 'రెరా' అనే చట్టం ఇదే. ఇది పూర్తిగా అమలులోకి వచ్చింది 2017 మే 1న, మన మేడే రోజునే. అందులో 14వ సెక్షన్, 3వ ఉపసెక్షన్ అని ఒకటుంది. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే చాలు. దాని సారాంశం ఇది: ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్ళ లోపల లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజులలో, మన దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా అతను దాన్ని సరిచేయాలి. చేయకపోతే మనకు తగిన నష్టపరిహారం ఇవ్వాలి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. అయిదేళ్ళ పూచీ పిల్లర్లకు, బీములకు, స్లాబుకు మాత్రమేనని చాలామంది అనుకుంటారు. బిల్డర్లు కూడా అలాగే చెబుతారు. చట్టం అలా చెప్పలేదు. కట్టడపు లోపం, పనితనంలో లోపం, నాణ్యతలో లోపం, అగ్రిమెంటు ప్రకారం ఇవ్వవలసిన సౌకర్యాలలో లోపం, అన్నిటినీ కలిపి చెప్పింది. అంటే పిల్లరు పగులుతో పాటు చెమ్మ ఎక్కే గోడ, వాలు సరిగా లేక నీళ్ళు నిలిచే బాత్‌రూము, నాసి వైరింగు, తిరగబడి పారే మురుగు పైపు కూడా దాని కిందకి వస్తాయి.

అంతకుముందు మహారాష్ట్రలో చట్టం లేదా అంటే, ఉంది. 1963 నాటి ఓనర్‌షిప్ ఫ్లాట్ల చట్టంలో మూడేళ్ళ పూచీ రాసి ఉంది. అందుకే ఇప్పటికీ కొందరు "మూడేళ్ళు అయిపోయాయి, వెళ్ళండి" అంటారు. రెరా కిందకి వచ్చే ఇంటికి ఆ మాట చెల్లదు. మూడు కాదు, అయిదు.

బిల్డరు చెప్పే మాటలు, మన జవాబులు

మొదటి మాట: "తాళం తీసుకునేటప్పుడు అంతా బాగుందని సంతకం పెట్టారు కదా." పెట్టాం. తాళం తీసుకునే రోజు గోడకు కొత్త రంగు ఉంటుంది, వాన ఉండదు. లోపల ఉన్న లోపం అప్పుడు ఎలా కనిపిస్తుంది? తరువాత బయటపడే లోపాల కోసమే చట్టం అయిదేళ్ళు ఇచ్చింది. బెంగళూరు ఫ్లాట్ల కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో ఒక సంగతి స్పష్టం చేసింది. అది ఇల్లు ఆలస్యంగా ఇచ్చిన కేసు. ఇల్లు స్వాధీనం తీసుకున్నంత మాత్రాన, రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన కొనుగోలుదారు నష్టపరిహారం అడిగే హక్కు పోగొట్టుకోడని కోర్టు చెప్పింది.

రెండో మాట: "భవనం సొసైటీ పేరున రాసిచ్చేశాం, ఇక మాకు సంబంధం లేదు." ఇదీ తప్పే. హక్కులు బదిలీ చేసిన తరువాత కూడా లోపాల బాధ్యత ఆ అయిదేళ్ళూ బిల్డరు మీదే ఉంటుందని 11వ సెక్షన్‌లో విడిగా రాశారు.

మూడో మాట: "మీరు మా దగ్గర కొనలేదు, మొదటి ఓనరు దగ్గర కొన్నారు." మొదట కొన్నవారి దగ్గర నుంచి ఇల్లు కొన్నవారిని కూడా చట్టం కొనుగోలుదారుగానే లెక్కిస్తుంది. అద్దెకు ఉన్నవారికి మాత్రం ఈ హక్కు లేదు. అయితే రెండో చేతికి వచ్చింది కాబట్టి అయిదేళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకోవచ్చని అనుకోవద్దు. మిగిలిన కాలమే మనది.

నాలుగో మాట కాస్త గట్టిది: "మీరే గోడలు కొట్టి పాడు చేశారు." దీనికి జవాబు మన నడవడికలోనే ఉండాలి. వంటగది పెద్దది చేస్తామని గోడ కొట్టడం, బాత్‌రూము పైపులు మార్చడం వంటివి చేస్తే పూచీ పోతుందని చాలా అగ్రిమెంట్లలో ఒక నిబంధన ఉంటుంది. మనవాళ్ళకు ఇంకో అలవాటు ఉంది. ఇంటి కింది భాగంలో పవర్‌లూమ్ బిగిస్తారు. నివాసానికని కొన్న ఇంట్లో మగ్గం ఆడిస్తే, ఆ అదురుకే గోడ పగిలిందని బిల్డరు తప్పించుకుంటాడు. బతుకు తెరువు సంగతి మాకు తెలియనిది కాదు. కాని ఈ నష్టం కూడా తెలిసి ఉండాలి. కనీసం లోపాల మీద లెటరు ఇచ్చి, ఫోటోలు తీసి పెట్టుకోక ముందు గోడ మీద సుత్తి వేయవద్దు.

చట్టం అందని ఇళ్ళు

ఉన్నదాన్ని మించి చెబితే రేపు మీరే మమ్మల్ని నిలదీస్తారు. రెరాకు హద్దులున్నాయి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, అన్ని దశలూ కలిపి ఇళ్ళు 8 మించకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయనక్కరలేదు. మన పేటల్లో చిన్న బిల్డర్లు కట్టేవి ఎక్కువగా ఇలాంటివే. 2017 మే నాటికే కట్టడం పూర్తయి సర్టిఫికెట్ వచ్చిన భవనాలూ ఆ నమోదు కిందకి రాలేదు. సొంత జాగాలో మేస్త్రీని పెట్టి కట్టించుకున్న ఇల్లు కూడా రాదు.

అలాంటివారికి వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంది. ఇళ్ళ నిర్మాణం కూడా ఒక సేవేనని వినియోగదారుల చట్టంలో 1993లోనే చేర్చారు. ఆ ఏడాదే లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు, ఇళ్ళు కట్టి ఇచ్చే ప్రభుత్వ సంస్థలు కూడా ఈ చట్టానికి జవాబుదారులేనని తీర్పు చెప్పింది. రెరాలోనూ 'ప్రమోటరు' అనే మాటకు అర్థం ప్రైవేటు బిల్డరు ఒక్కడే కాదు. ఇళ్ళు కట్టి అమ్మే ప్రభుత్వ సంస్థలు, సభ్యుల కోసం ఇళ్ళు కట్టే సహకార గృహ సంఘాలు కూడా అందులో ఉన్నాయి. సర్కారు ఇల్లు కదా, ఇచ్చిందే పదివేలు అని నోరు మూసుకోనక్కరలేదు. మనం ధర కట్టి కొన్నాం.

పన్వేల్ దగ్గర కోన్‌లో మిల్లు కార్మికులకు కేటాయించిన 2,417 ఇళ్ళ సంగతి చూడండి. 2016లో లాటరీ తీశారు. కోవిడ్ కాలంలో ఆ భవనాలను క్వారంటైన్ కేంద్రంగా వాడారు. లాటరీ తగిలినవారు తాళం అందుకోక ముందే ఇళ్ళు పాడైపోయాయి. మరమ్మతు ఎవరు చేయించాలన్న దానిపైనే చాలా కాలం గడిచింది. అందువల్ల మేము చెప్పేదేమిటంటే, ఎవరు కట్టిన ఇల్లయినా సరే, తాళం తీసుకునే రోజే కళ్ళు తెరిచి చూసుకోవాలి.

తాళం తీసుకునే రోజు

ఆ రోజు కొబ్బరికాయతో పాటు ఒక నోటు పుస్తకం, ఒక ఫోను, మనలోనే ఉన్న ఒక మేస్త్రీని, ఒక ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్ళండి. బాత్‌రూములో బకెట్టు నీళ్ళు పోసి జాలీ వైపు పారుతున్నాయా చూడండి. గోడల ప్లాస్టరింగును వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే రాసుకోండి. ప్రతి స్విచ్చీ వేయండి. పై అంతస్తు వాళ్ళయితే డాబా మీదకి ఎక్కి నీళ్ళు నిలిచే చోటు చూడండి. అక్కలు ఈ పని మగవాళ్ళకు వదిలేయవద్దు. రోజంతా ఆ ఇంట్లో నీళ్ళతో, పొయ్యితో పని చేసేది మీరే. ఏది పనికిరాదో మీకే ముందు తెలుస్తుంది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే మరాఠీలో భోగవటా ప్రమాణపత్రం, వచ్చిందా అని అడగండి. కాపీ తీసుకోండి. పజెషన్ లెటరులో "ఏ లోపమూ లేదు" అని ముందే అచ్చువేసి ఉంటే, కంటికి కనిపించిన లోపాలను దాని కిందనే చేత్తో రాసి సంతకం పెట్టండి. ఆ లెటరు మీద తేదీ తప్పకుండా ఉండాలి. అయిదేళ్ళ లెక్క ఆ తేదీ నుంచే. 2023 జూన్ 10న తాళం వస్తే, 2028 జూన్ 10 రాకముందే మన లెటరు బిల్డరుకు అందాలి. చివరి వారం దాకా ఆగవద్దు.

నోటిమాట సాక్ష్యం కాదు

మన సభ్యులు కొందరు ఉంటున్న ఒక భవనం సంగతి చెబుతాం. పేర్లు అవసరం లేదు. అందులో 16 ఇళ్ళు. మొదటి వానాకాలమే పై అంతస్తు నాలుగు ఇళ్ళూ కారాయి. బిల్డరును అడిగితే "వానలు తగ్గనివ్వండి, చేయిస్తా" అన్నాడు. వానలు తగ్గాయి, అతనూ మరిచిపోయాడు. ఏటా ఇదే కథ. పై ఇళ్ళవాళ్ళు చందాలు వేసుకుని రెండుసార్లు తారు షీటు వేయించుకున్నారు. కింది ఇళ్ళవాళ్ళు తమకు పట్టనట్టు ఉన్నారు. చివరికి నీళ్ళు మెట్ల గోడ వెంట దిగి కరెంటు మీటర్ల బోర్డులోకి చేరాయి. అప్పుడు 16 కుటుంబాలూ కలిసి మా దగ్గరకు వచ్చాయి. తేదీ చూస్తే నాలుగేళ్ళ పది నెలలు అయిపోయింది.

ఆ వారంలోనే లెటరు రాశాం. లోపాలు ఒక్కొక్కటీ అంకెలు వేసి, ఫోటోలు జత చేసి, 16 సంతకాలతో పంపాం. ఆఫీసులో ఇస్తే తీసుకోలేదు. పోస్టులో పంపాం. 30 రోజులు గడిచినా జవాబు లేదు. ఫిర్యాదు తయారు చేసి, వేసే ముందు దాని కాపీ అతనికి పంపాం. అప్పుడు మనుషులను పంపి డాబా అంతా వాటర్‌ప్రూఫింగ్ చేయించాడు, మీటరు బోర్డు మార్పించాడు. కాని పై ఇళ్ళవాళ్ళు అంతకుముందు ఖర్చు పెట్టుకున్న డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మేస్త్రీ చేతికి ఇచ్చిన డబ్బుకు రసీదు లేదు. ఏళ్ళ తరబడి చేసిన ఫోన్లకూ రుజువు లేదు. మొదటి వానాకాలమే ఆ లెటరు వెళ్ళి ఉంటే ఆ ఖర్చే వచ్చేది కాదు.

కాబట్టి అడగదలచుకున్నది కాగితం మీద అడగండి. ఇదివరకు రిజిస్టర్డ్ పోస్టు చేసేవాళ్ళం. 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, అందినట్టు రుజువు రెండూ దాచండి. ఈమెయిలు, వాట్సాప్ కూడా పంపండి, కాని పోస్టు మానవద్దు. లెటరులో ఇంటి నంబరు, స్వాధీనం తేదీ, లోపాల జాబితా, 14వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం 30 రోజులలో సరిచేయాలన్న మాట ఉంటే చాలు. తిట్లు వద్దు, బతిమాలడమూ వద్దు.

30 రోజులు దాటితే

మహారాష్ట్రలో ఫిర్యాదు మహారెరా ముందు వేయాలి. ఒక్కొక్కరే వేయనక్కరలేదు, కొనుగోలుదారుల సంఘం కూడా వేయవచ్చు. అప్పుడు ఫీజూ, తిరుగుడూ అందరికీ పంచుకోవడానికి వస్తుంది. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. తగాదా పెంచకుండా తేల్చుకోవడానికి 2018 నుంచి మహారెరాలో ఒక రాజీ వేదిక కూడా ఉంది. నష్టపరిహారం ఎంత అన్నది అడ్జుడికేటింగ్ అధికారి తేలుస్తాడు. తీర్పు నచ్చకపోతే 60 రోజులలో అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి.

బెంగళూరు, చెన్నై, ఒడిశా, యానాంలలో ఈ బులెటిన్ చదివే సోదరులకు ఒక మాట. ఇది కేంద్ర చట్టం, అయిదేళ్ళ పూచీ అందరికీ ఒకటే. అయితే ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు అథారిటీ దగ్గరకే వెళ్ళాలి. యానాం వారికి పుదుచ్చేరి అథారిటీ. రిటైరయ్యాక ఉందామని కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో ఫ్లాటు కొన్న షోలాపూర్ కార్మికుడు తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయాలి.

వినియోగదారుల కమిషన్‌లో ఒక వెసులుబాటు ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కట్టిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. ఫీజు కూడా మనకు అందేదే: 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. కాని గడువు చిన్నది. తగాదాకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ లోపల వేయాలి. రెరా వచ్చాక వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి మూసుకుపోలేదని సుప్రీంకోర్టు 2020 నవంబరులో తేల్చింది. ఒకే కోరికతో రెండు చోట్లా తిరగకుండా, ఏది మేలో ఆలోచించి ఒకటి ఎంచుకోండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆర్డరు రావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. రెరా ఆర్డరు ప్రకారం బిల్డరు కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయవచ్చని 40వ సెక్షన్ చెబుతుంది. కాని కలెక్టరు ఆఫీసులో ఫైలు తనంతట తాను నడవదు. వెనక ఒక్క కుటుంబం ఉంటే ఒక లెక్క, నలభై కుటుంబాలు ఉంటే ఇంకో లెక్క. బోనసు బకాయిల విషయంలో మనందరికీ ఈ సంగతి అనుభవమే.

కాబట్టి ఈ సభ నుంచి వెళ్ళాక మూడు పనులు చేయమని కోరుతున్నాం. గత అయిదేళ్ళలో ఇల్లు తీసుకున్న ప్రతివారూ పజెషన్ లెటరు బయటికి తీసి, అయిదేళ్ళు నిండే తేదీని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ప్రతి భవనంలో ఒక ఆదివారం అందరూ కూర్చుని, ఇంటింటి లోపాలూ ఒకే పుస్తకంలో రాయండి. కింది ఇల్లు కారకపోయినా పై ఇంటివారి లెటరు మీద సంతకం పెట్టండి. లెటరు రాయడం రాకపోతే అగ్రిమెంటు, ఫోటోలు తీసుకుని రండి. రెండో షిఫ్టు మొదలయ్యే లోపల మా ఆఫీసులో ఎవరో ఒకరం ఉంటాం, తెలుగులో విని మరాఠీలో రాసి ఇస్తాం.

నాలుగేళ్ళు దాటినవారు మాత్రం ఆదివారం దాకా ఆగవద్దు. రేపే రండి.